అభయమును అరటిపండును

పాపపుణ్యములను విచారించునపుడు మన ధర్మశాస్త్రములు చేతిని గూర్చియు, నాలుకను గూర్చియు, మనస్సును గూర్చియు చెప్పినంత విపులముగా కంటిని గూర్చి చెప్పినట్లు తోపదు. పరధనమును, పరదారను ఆశతో చూడరాదని శాసించి, తక్కిన చూపులనన్నిటిని అవి ఇంచుమించుగా స్వేచ్ఛకు వదలివేసినవి. అందుచేతనే కాబోలు, చూచుట నిరపరాధమైన పనియనియు, చూచువాడు దేనిని తాకడు గనుక వానివలన దేనికిని లోపము రాదనియు మనలో నొక విశ్వాసము పాతుకొనిపోయినది. ఈ విశ్వాసముతోడనే ఏటేట వేలకొలది జనులు నేలపట్టు చెఱువుగట్టునకును, నల్లమల దారులకును, శేషాచలపు మెట్లకును, కౌండిన్యవనపు అంచులకును పోయి, పక్షులను మృగములను జూచి, తమవలన నెవ్వరికిని కీడు కలుగలేదన్న తృప్తితో ఇండ్లకు మఱలుచున్నారు. ఆ తృప్తి యెంతవఱకు న్యాయమైనదో విచారింపదగియున్నది.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టును ఆశ్రయించిన రెండు పక్షుల ప్రస్తావన కలదు. ఒకటి పండు తినుచుండును. రెండవది తినక, ఊరక చూచుచుండును. మొదటిది జీవుడనియు, రెండవది సాక్షియైన ఈశ్వరుడనియు వ్యాఖ్యాతలు వివరించిరి. అడవికి పోయిన యాత్రికుడు తన్ను రెండవ పక్షిగా భావించుకొనుట సహజమే. తాను కొట్టుటలేదు, పట్టుటలేదు, కొమ్మయైనను విఱుచుటలేదు, చూచుచున్నాడు, అంతే. కాని సాక్షికి ఒక లక్షణము కలదు. సాక్షి యున్నందువలన తినుచున్న పక్షి తిండి చెడదు. దాని రెక్క చెదరదు. అది తన పనిని తాను చేసికొనుచునే యుండును. మన రాకచే మేయుచున్న దుప్పి మేత మానినచో, పొదుగుచున్న పక్షి గూడు విడిచినచో, మనము రెండవ పక్షులము కాము. పండును నోటితో తినుటకు మాఱుగా కంటితో తినుచున్న మొదటి పక్షులమే.

ఈ మాట అత్యుక్తియని తోచువారు ఒకసారి నేలపట్టునకు పోయి చూడవలెను. తిరుపతి జిల్లా దొరవారిసత్రము మండలములోని ఆ చెఱువు 1976లో పక్షిరక్షణకేంద్రముగా ప్రకటింపబడినది. ఈశాన్యఋతుపవనపు వానలకు చెఱువు నిండి, నీటిలో నిలిచిన కడపచెట్ల కొమ్మలయందు గూడబాతులు గుంపులుగుంపులుగా గూళ్ళు కట్టును. రెట్టలచే ఆకులన్నియు సున్నము కొట్టినట్లు తెల్లబడియుండును. ఆ రెట్టలు కలిసిన నీరు పొలములకు బలమని చుట్టుపట్ల రైతులకు తెలియును. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని గట్టుమీద శనగలమ్మువాడు మొదలు పిల్లలను వెంటబెట్టుకొనివచ్చిన ఉపాధ్యాయుని వఱకు అందఱును చెప్పుదురు. నిజమునకు మచ్చలముక్కు గూడబాతు మన ప్రాంతపు పక్షియే, మన దేశములోనే చెఱువునుండి చెఱువునకు తిరుగునదే. అయినను దూరపుచుట్టమన్న పేరున దానికి కొంత మర్యాద లభించుచున్నచో ఆ పొరపాటును దిద్దుటకు నేను తొందరపడను.

దుర్భిణీలో చూచినచో గూటిలోని పిల్ల తన తలను మెడవఱకు తల్లి గొంతుసంచిలోనికి దూర్చి, లోపల కుమ్ములాడుచు చేపను లాగుకొని తినుట స్పష్టముగా కనబడును. ఎంతసేపు చూచినను విసుగు పుట్టని దృశ్యమది. కాని గట్టుమీదనున్నవారిలో ఒకనికి అది చాలదు. పక్షులు కూర్చున్న చిత్రమున ఏమి విశేషమున్నదని వాడు తలచును. లేచి ఎగిరిన చిత్రము కావలెను. కావున చప్పట్లు చఱచును, ఈల వేయును, ఒక్కొక్కప్పుడు రాయి విసరును. పక్షులు ఒక్కుమ్మడిగా లేచి ఆకాశమున తెల్లని వలయములు తిరుగును. చిత్రము చక్కగా వచ్చును. అదే సమయమున, తల్లి లేచిపోయిన గూటిలో గ్రుడ్లు ఎండకు వెలియగుచుండును. ఇంకను రెక్కలు రాని పిల్ల తొక్కిసలాటలో గూటి అంచునుండి నీటిలోనికి జాఱును. ప్రక్కకొమ్మపై ఎంతసేపటినుండియో వేచియున్న కాకి ఏ తొందరయు లేక వచ్చి గ్రుడ్డును పొడిచి త్రాగును. చప్పట్లు చఱచినవాడు శాకాహారి కావచ్చును. గ్రుడ్డును ముట్టనివాడు కావచ్చును.

హింసయనగా చంపుటయే యని మనము చిరకాలముగా ఎంచుచున్నాము. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలమీద అశోకుడు చెక్కించిన శాసనములలో మొదటిది జంతువధను గూర్చినదే: తన వంటశాలకై పూర్వము లెక్కలేనన్ని ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్ళును ఒక మృగమును మాత్రమే చంపబడుచున్నవనియు, ముందు ముందు అవియు చంపబడవనియు ఆ చక్రవర్తి దాపఱికము లేక చెప్పుకొనెను. ఆ రెండు నెమళ్ళ లెక్కలోని నిజాయితీకి ఎన్నిసార్లు నమస్కరించినను తక్కువయే. అయినను అది చంపుటను గూర్చిన లెక్క. బెదరించుటను గూర్చినది కాదు. ఈ విషయమున మన 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఒకడుగు ముందునకు వేసినది. పక్షుల గ్రుడ్లను గాని గూళ్ళను గాని కలతపెట్టుటను సైతము అది వేటలో చేర్చినది. తుపాకి పట్టినవానిని, చప్పట్లు చఱచినవానిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన ఆ వాక్యమును వ్రాసిన న్యాయవేత్త యెవరో కాని, ధర్మసూక్ష్మము తెలిసినవాడు. అంతకు చాల పూర్వమే, 1798లో, చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెఱువులోని పక్షులను సిపాయిలు కాల్చుచున్నారని కలెక్టరుతో మొఱపెట్టుకొని రక్షణపత్రము వ్రాయించుకొనిరి. రైతునకు రెట్టల ఎరువుపై ఆశ యుండెను, ఉండనిండు. లాభమును ధర్మమును ఒకే గట్టుమీద నడచుట లోకములో తఱచుగా జరుగదు గనుక, జరిగినచోట ఆక్షేపింపరాదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. సన్న్యాసము స్వీకరించువాడు సమస్తభూతములకును తనవలన భయము లేదని ప్రకటించుట మన సంప్రదాయమున ఒక ప్రధానాంగము. గోదానము, భూదానము, అన్నదానము మొదలగు దానములన్నిటిలో అభయదానము మిన్న యని పౌరాణికులు చెప్పగా విని పెరిగినవారము. గృహస్థులమైనను, అడవిలో అడుగిడియున్నంతసేపు ఆ వ్రతమును అరువు తెచ్చుకొనుట మనకును విధియే యని నా అభిప్రాయము. అయితే అభయమిచ్చుటయనగా మృగమునకు మనుష్యునియెడ జంకు లేకుండ జేయుటయా? అట్లయినచో శ్రీశైలపు ఘాటుదారిలోని కోతులకంటె అభయము పొందిన ప్రాణులు మఱియొకచోట లేవు.

దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు దారిలో మలుపు మలుపునను కోతులు పిట్టగోడలమీద బారులు తీర్చి కూర్చుండును. బస్సు మలుపు తిరుగుటకై నెమ్మదించినంతనే కిటికీలోనుండి గాజులచేయి యొకటి అరటిపండును చాచును. ఆ యిల్లాలి మనస్సులో కపటమేమియు లేదు. కోతిలో ఆమెకు ఆంజనేయస్వామి కనబడుచున్నాడు. శనివారపు ఉపవాసములో తాను తినని పండును స్వామికి సమర్పించి, లెంపలు వేసికొనుచున్నది. కడుపున కఱచుకొన్న పిల్లతో తల్లికోతి పిట్టగోడనుండి దారినడుమకు దుముకును. వెనుక వచ్చుచున్న లారీవానికి ఆ దుముకుడు ముందుగా తెలియదు. తప్పించుకొన్న కోతుల కథ దీనికంటె మేలైనదేమియు కాదు. మేడిపండ్లకై, చిగుళ్ళకై, పురుగులకై అడవియంతయు తిరిగి, తిన్న పండ్ల గింజలను నాలుగు మూలల వెదజల్లవలసిన గుంపు, రెండు మలుపుల నడుమ నూఱుగజముల తారుదారిని తన రాజ్యముగా చేసికొనును. పండు కనబడని చేతిసంచిని లాగును. సంచిని వదలని చేతిని కఱచును. కఱవబడినవాడు వెఱ్ఱికుక్క కఱచినవాడువలెనే ఆసుపత్రికి పోయి సూదులు పొడిపించుకొనవలెను. పిమ్మట కోతుల బెడద తొలగింపుడని అర్జీ పోవును, వలలు వచ్చును, పట్టువడిన కోతులు తల్లులనుండి పిల్లలు వేఱై, తెలియని అడవిలో వదలబడును. ఇదంతయు అరటిపండుతో మొదలైనది.

కావున అభయమును గూర్చి మనకున్న భావమునే కొంత సవరించుకొనవలసియున్నది. అడవిమృగమునకు మనుష్యుని జూచినపుడు కలుగు జంకు రోగము కాదు, మనము మందిచ్చి మాన్పుటకు. అది దాని పూర్వులు వేలయేండ్లుగా ప్రాణములు ధారవోసి గడించిపెట్టిన ఆస్తి. ఆ జంకు ఉన్నంతకాలమే అది పొలములకు, దారులకు, కుక్కలకు, ఉరులకు దూరముగా బ్రదుకును. దానిని ఒక అరటిపండు వెలకు కొనివేయుట దానము కాదు. యమనియమములలో అస్తేయమని చెప్పబడిన వ్రతమునకు భంగము, సూటిగా చెప్పవలెనన్న దొంగతనము. మనము మృగమునకు ఈయగల అభయము వేఱు: నీ జంకును నేను పరీక్షింపను, నీవు బెదరి పరుగెత్తవలసిన యక్కఱ రానీయను, నీవు గీచిన గీటునకు నేను ఇవతలనే నిలుతును అన్న ప్రతిజ్ఞ. దీనిలో చేయిచాచుట లేదు, పుణ్యము చేసితినన్న పులకరింత లేదు, ఫొటో లేదు. కనుకనే ఇది రుచింపదు.

పెద్దలొకరు ఇచట అడ్డుపడి, గృహస్థునకు భూతయజ్ఞము విధింపబడలేదా, వైశ్వదేవానంతరము కుక్కకును కాకికిని పురుగునకును అన్నము నేలపై పెట్టుమని శాస్త్రము చెప్పలేదా, మీరు కొత్తగా ధర్మము చెప్పవచ్చితిరా యని గద్దింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ బలి పెట్టబడినది యింటిముంగిట. కుక్కయు కాకియు చీమయు మన యింటి యెంగిలిమీద, మన ధాన్యపు గింజలమీద ఆధారపడి మనతోడనే బ్రదుకుచున్న ప్రాణులు. వానియెడ మనకు ఋణమున్నది, ఆ ఋణము తీర్చుటయే ఆ బలి. అడవిలోని కణుజునకును కొండముచ్చునకును మనము ఋణపడినది అన్నము కాదు, అడవి. వారి యింటికి మనము అతిథులముగా పోయి, వారి పొయ్యిమీద మన కుండ పెట్టి, అన్నదాతలమని చెప్పుకొనుట ఏ సూత్రగ్రంథమునను విధింపబడలేదు.

సద్భావముతో చేసిన పూజయే మఱియొక ప్రాణికి అపచారము కాగలదని చెప్పుటకు మన తెలుగుదేశములోనే ఒక మహాక్షేత్రము వెలసియున్నది. శ్రీకాళహస్తి కథ ఎఱుగనివారు లేరు. ధూర్జటి దానిని మహాప్రబంధముగా సంతరించెను. పాము రాత్రివేళ వచ్చి శివలింగమునకు మణులు అలంకరించిపోవును. ఏనుగు పగటివేళ వచ్చి, ఈ ఱాళ్ళేమియని వానిని తొలగించి, నీటితో కడిగి మారేడుదళములతో అర్చించును. పాము మఱల వచ్చి, ఈ ఆకు అలమేమియని త్రోసివేసి మణులు పెట్టును. ఇద్దఱును భక్తులే, ఇద్దఱి పూజయు ఎదుటివానికి అపచారమే. తుదకు పాము తొండములో దూరగా, ఏనుగు బాధకు తాళలేక తల బండకు మోదుకొనగా, రెండును నశించినవి. శివుడు ఇద్దఱికిని మోక్షమిచ్చెనని కథ ముగియును. పౌరాణికుడు ఆ మోక్షమువద్ద ఆగును. నాకు మాత్రము అంతకు ముందరి ఘట్టమే పలుమాఱు జ్ఞప్తికి వచ్చును. ఎదుటి ప్రాణికి ఏది పూజయో, ఏది బాధయో విచారింపని భక్తి ఎంత స్వచ్ఛమైనదైనను దానివలన రక్తపాతము తప్పలేదు. ఘాటుదారిలో శివుడు ప్రత్యక్షమై కోతికిని లారీవానికిని మోక్షమిచ్చుట లేదు.

ఇంతకంటెను సూక్ష్మమైనది భాగవత పంచమస్కంధములోని భరతుని కథ. తెలుగున ఈ స్కంధమును రచించినవాడు పోతన కాడు, గంగన. పోతన వెలుగులో ఆతని పేరు చాలమందికి కనబడదు. రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేయుచున్న భరతుడు ఒకనాడు సింహగర్జనకు బెదరి ఏటిలో దుమికిన నిండుచూలాలైన లేడిని చూచెను. అది ఈని చచ్చిపోయినది. ఏటిలో కొట్టుకొనిపోవుచున్న కూనను ఆతడు ఎత్తితెచ్చెను. ఆ యెత్తుటలో దోషము లేదు. తెచ్చినదానిని ఒడిలో పెట్టుకొని, మేపి, దువ్వి, అది కనబడనిచో అల్లాడి, ప్రాణము పోవునపుడు సైతము దానినే తలచి, మఱుజన్మమున లేడియై పుట్టెను. మన కాలపు కథ దీనికి తలక్రిందులుగా నడచుచున్నది. గడ్డిలో ఒంటరిగా ముడుచుకొని పడుకొన్న దుప్పికూనను చూచినవాడు, అయ్యో తల్లిలేని బిడ్డయని జాలిపడి ఎత్తుకొనివచ్చును. దానికి తల్లి లేకపోలేదు. మొదటి దినములలో దుప్పి తన కూనను గడ్డిలో దాచి, దూరముగా మేసి, పాలిచ్చుటకు మాత్రము వచ్చును; కదలక మెదలక పడియుండుటయే ఆ కూనకు రక్ష. తల్లి ఎక్కడనో పొదచాటునుండి చూచుచుండగనే మనవాడు కరుణతో దాని బిడ్డను అపహరించుకొని పోవును. భరతుని కూన నిజముగా అనాథ. ఆతనికి వచ్చిన బంధము ప్రేమాతిశయమువలన వచ్చినది. మనవానికి జాలి యున్నది. ఆ జాలికి తోడుగా ఉండవలసిన తెలివిడి లేదు. అట్టి కూన కనబడినపుడు చేయవలసినది, వచ్చినదారినే వెనుదిరిగి, అంతగా సందేహమున్నచో అటవీశాఖవారికి తెలుపుట మాత్రమే.

మృగము గీచిన గీటు ఎచట నున్నదో తెలియుట యెట్లని యడుగవచ్చును. గజములలో చెప్పుట సాధ్యము కాదు, మృగమే చెప్పును. మేయుచున్న దుప్పి తలయెత్తి చెవులు మన వైపునకు త్రిప్పినదా, మనము గీటుమీద నున్నాము. తోక నిక్కించి, ముందుకాలితో నేలను తట్టినదా, గీటు దాటితిమి. దానిని చూచి ఒకడుగు వెనుకకు వేయువానికి మఱల తలవంచి మేయుచున్న దుప్పి కనబడును. ముందుకు వేయువానికి తోక క్రిందిభాగపు తెలుపు మాత్రమే కనబడును. నల్లమలలో చెంచువారు పలువురు అటవీశాఖయొద్ద కావలివారుగను, దారిచూపువారుగను పనిచేయుచున్నారు. శ్రీశైల మల్లన్నను చెంచుమల్లయ్య యని ఇంటియల్లునిగా చేసికొన్న జాతి అది. తుమ్మలబయలువద్ద జీపులలో అడవిని చూపించు ఏర్పాటున్నది. అట్టి జీపులో ముందు కూర్చుండు చెంచుకు కన్నులకంటె చెవులే ఎక్కువ పని చేయును. చెట్టుమీది కొండముచ్చు ఒకవిధముగా దగ్గినచో, లోయలో కణుజు ఒక్క కేక పెట్టినచో, చిఱుతయో పెద్దపులియో కదలుచున్నదని ఆతనికి తెలియును. వెనుకనున్న పట్టణవాసులు అప్పుడే చిరుతిండి పొట్లము చింపి పరపరలాడింతురు.

మౌనమే సర్వత్ర ధర్మమని మాత్రము అనుకొనరాదు. పక్షులయెడ మౌనము దయ; ఎలుగుబంటియెడ చప్పుడే దయ. దానికి చూపు మందము, వినికిడియు అంతంతమాత్రమే. చెదపుట్టను త్రవ్వి, మూతి దూర్చి బుసబుసమని పీల్చుచున్నపుడు మనిషి దగ్గఱకు వచ్చువఱకు దానికి తెలియనే తెలియదు. అట్లు ఉలిక్కిపడిన ఎలుగు పాఱిపోవుటకు మాఱుగా మీదబడును. తెల్లవాఱుజామునను మునిమాపునను అడవిదారిన నడచువారు మాటలాడుకొనుచు నడచుట మేలు. తిరుమల మెట్లమీద గోవిందనామములు బిగ్గఱగా పలుకుచు గుంపుగా ఎక్కు భక్తులు తమకు తెలియకయే ఈ నియమమును పాటించుచున్నారు. చెవులలో తీగలు పెట్టుకొని, పాటలు వినుచు, ఒంటరిగా మెట్లెక్కువాడు భక్తికిని భద్రతకును ఒకేసారి దూరమగుచున్నాడు.

ఇచట మఱియొక సందేహము. తన ఒడలిని కాపాడుకొనుట స్వార్థము కాదా? దానిని అహింసతో ముడిపెట్టనేల? 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆఱేండ్ల బాలిక చిఱుతవాతబడి మరణించినది. ఆ తలిదండ్రుల దుఃఖమును గూర్చి వ్రాయుటకు నాకు మాటలు లేవు, అధికారమును లేదు. పిమ్మట దేవస్థానమువారు భక్తులకు చేతికఱ్ఱలిచ్చిరి, గుంపులుగా నడువుడనిరి, మధ్యాహ్నము దాటిన పిదప పిల్లలను ఆ దారిన పోనీయరైరి. కఱ్ఱలను జూచి జనులు నవ్విరి. నాకును వానియందు అంతగా నమ్మకము లేదు. గుంపుగా నడచుటయందును, పిల్లలను పెద్దల నడుమ నుంచుటయందును మాత్రము పూర్తిగా నమ్మకమున్నది, చిఱుత ఎన్నుకొనునది వెనుకబడిన పొట్టి ఆకారమునే గనుక. దారిప్రక్కన పాఱవేసిన తినుబండారములకు కుక్కలును పందులును చేరును. వానికై చిఱుత వచ్చును. ఆ ఆగస్టు తరువాత బోనులలో ఒకదాని వెంట ఒకటిగా పలు చిఱుతలు పట్టువడినవి. బోనునకు విచారణ లేదు. దోషియేదో, దారిన పోవుచున్న నిర్దోషియేదో దానికి తెలియదు. మేకకై వచ్చినదానిమీద తలుపు పడును. మనుష్యుడు అజాగ్రత్తచే గాయపడిన ప్రతిమాఱును ఆ గాయపు వెలను ఏదో యొక మృగము చెల్లించుచున్నది. అందుచేత నా ఒడలిని నేను కాపాడుకొనుట, నేనెన్నడును చూడబోని యొక చిఱుతయెడ నాకు గల ధర్మము.

ఏనుగుల విషయమున ఇది మఱింత కఠినము. కౌండిన్యవనములోనికి గత శతాబ్దపు ఎనుబదులలో పొరుగు రాష్ట్రములనుండి ఏనుగులు వచ్చి స్థిరపడగా 1990లో అది రక్షితారణ్యమైనది. నాటినుండి చిత్తూరు సీమ రైతునకును ఏనుగునకును నడుమ జరుగుచున్న పోరు చెప్పనలవి కాదు. 2025లో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లాలో అడవిదారిన ఆలయమునకు నడచిపోవుచున్న భక్తులపై ఏనుగులు పడి ముగ్గురు మరణించిరి. గణపతిముఖమని ఏనుగునకు చేతులెత్తి మ్రొక్కు మన జనులకు, చెవులు విప్పి తొండమెత్తిన అడవియేనుగు ఆశీర్వదించుటలేదని చెప్పవలసి వచ్చుచున్నది. అది ఇక రావలదని చెప్పుచున్నది. విన్నవాడు మెల్లగా, వెన్ను చూపక, వెనుకకు తగ్గవలెను.

అహింసయందు స్థిరుడైనవాని సన్నిధిని వైరము ఉడిగిపోవునని పతంజలి చెప్పినమాట నిజమే. దానిని నమ్మి, తాను సజ్జనుడు గనుక పులి తన్నేమియు చేయదని జీపు దిగినవాడు తన అహింసాస్థితికి తానే యోగ్యతాపత్రము వ్రాసికొనుచున్నాడు. కణ్వాశ్రమపు లేడిపిల్ల శకుంతల చీరకొంగు లాగినది కదా యని మఱికొందఱు. ఆ శకుంతల అచటనే పెరిగినది, చెట్లకు నీరు పోయక తాను నీరు త్రాగనిది. మనము ఆదివారము పోయి ఆదివారమే వచ్చువారము.

ఇటీవల మఱియొక వింత పుట్టినది. పక్షిని రప్పించుటకై దాని కూతను సెల్‌ఫోనులో వినిపించుచున్నారు. తన పొలిమేరలోనికి వేఱొక మగపక్షి వచ్చినదనుకొని అది పని మానుకొని, గూడు మానుకొని, రొమ్ము విఱుచుకొని కొమ్మకొమ్మకును వెదకును. ఫొటో తీసికొని మనవాడు పోవును. లేని శత్రువునకై అది ఇంకను తిరుగుచుండును. దీనిని నేను అబద్ధమనియే యందును. వినువాడు మనుష్యుడు కానంతమాత్రమున అసత్యదోషము తగ్గునని ఏ స్మృతియందును చదివినట్లు జ్ఞాపకము లేదు.

నల్లమల పులుల రక్షితారణ్యము గుండ శ్రీశైలమునకు పోవు దారులను రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆఱువఱకు మూసివేయుదురు. తొమ్మిది దాటిన పిమ్మట చెక్‌పోస్టు కడ కారు దిగి, స్వామిదర్శనమునకు పోవువారిని ఆపుట ఏమి ధర్మమని కావలివానిపై కేకలు వేయు భక్తులు ఏనాడును తక్కువ కారు. పులియు చిఱుతయు కణుజును నీటికై, వేటకై, జతకై దారికి అడ్డముగా నడచు వేళ అదియే యనియు, దీపముల వెలుగు కన్నులబడి దారినడుమ కొయ్యబాఱి నిలుచు మృగము చక్రములక్రింద పడుననియు ఆ కావలివాడు నేర్చినంతలో చెప్పును. అదే భక్తుడు శ్రీశైలము చేరినప్పటికి ఏకాంతసేవ ముగిసి గుడి మూసియున్నచో ఏమి చేయును? స్వామి పవళించియున్నాడని చెంపలు వేసికొని, సత్రములో చాప పఱచుకొని పండుకొనును. తలుపు తెఱవుమని అర్చకునిపై గద్దించుట ఆతని కలలోనైనను రాదు. ఆ స్వామికి పశుపతి యన్న పేరున్నది. ఆ అడవి ఆయన కొండయే. రాత్రివేళ మూసిన ఒక తలుపునకు మ్రొక్కుటకును, రెండవదానిని తన్నుటకును గల కారణమును ఏ భక్తుడైనను చెప్పునేమో యని నేను చాలమందిని అడిగితిని. దేవస్థానపు వసతిగదికి కట్టిన అద్దె వృథా యగునన్న సమాధానము తప్ప మఱియొకటి ఇంతవఱకు రాలేదు.